పడుగు లేనివాళ్ల దీపం

మా వాడ మలుపులో ఒక రాతి కంబం ఉంది. నా నడుము ఎత్తు మాత్రమే మిగిలింది. పైభాగం ఎప్పుడో లారీ తగిలి విరిగిపోయింది. ఇప్పుడు దాని మీద ఎవరో ఒకరు తువ్వాలు ఆరేసుకుంటారు. ఒకప్పుడు దాని మీద అద్దాల పెట్టె, ఆ పెట్టెలో గ్యాసునూనెతో మండే కందీలు దీపం ఉండేవి. మా అమ్మ ఆ కందీలు వెలుగులో కూర్చుని చాలా ఏళ్లు నేతకు నూలు కండెలు చుట్టింది. అమ్మ పోయి నెల దాటింది. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఈ కంబమే గుర్తుకొస్తున్నది. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

మాది రామన్నపేటకు నడిచి పోయి రాగలిగినంత దూరంలో ఉన్న ఊరు. సగం ఇళ్లు నేతవాళ్లవి. మిగతావాళ్లు వ్యవసాయం చేసేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, బజారులో దుకాణాలు పెట్టుకున్నవాళ్లు. నాయిన జబ్బు పడ్డప్పుడు మగ్గం అమ్మాం. మగ్గం పోయింది, తరువాత నాయినా పోయాడు. నేసేటప్పుడు కాళ్లు దింపుకునే మగ్గం గుంత ఒక్కటే ఇంట్లో మిగిలింది. అమ్మ దానిమీద చెక్కలు వేసి బియ్యం కుండ పెట్టుకుంది.

ఆ తరువాత అమ్మ చేసిన పని ఇతరుల మగ్గాలకు కండెలు చుట్టడం. పగలంతా ఒకళ్ల ఇంట్లో కాకపోతే ఇంకొకళ్ల ఇంట్లో నూలు పని ఉండేది. సొంతంగా తెచ్చుకున్న నూలు చిలపలను మాత్రం పొద్దుగూకాక చుట్టేది. రాట్నం చీకట్లో కూడా తిరుగుతుంది. పోగు తెగితే అతకడానికే వెలుగు కావాలి. ఇంట్లో దీపం పెట్టుకుంటే చుట్టిన కూలిలో ఎక్కువ భాగం గ్యాసునూనెకే పోయేది. అందుకని కంబం పక్కనున్న ఎదురింటి పెద్దయ్య అరుగు మీద కూర్చునేది. ఆ అరుగు మీద సాయంత్రం చుట్టిన కండెలే నన్ను ఊళ్లో ఉంచాయి. నేను అప్పుడు పంచాయతీవాళ్ల పత్రికల గదికి తాళంచెవి మనిషిని. జీతం పేరుకే. ఇంకో ఏడాది ఆగితే టీచరు ట్రైనింగుకు నల్లగొండ పోయే వీలుంది. ఆగలేకపోతే షోలాపూర్. మా వాడలో చాలా ఇళ్ల మగపిల్లలు అప్పటికే అక్కడ మిల్లుల్లో ఉన్నారు. మా మేనమామ కూడా అక్కడే ఉండేవాడు. వచ్చినప్పుడల్లా నన్ను తీసుకుపోతానని అనేవాడు. అమ్మ అవుననేది కాదు, కాదనేది కాదు. రాట్నం ఇంకొంచెం వేగంగా తిప్పేది.

అవి అరవైలలో మొదటి ఏళ్లు. పంచాయతీలు, వాటిపైన సమితులు కొత్తగా వచ్చాయి. మా సర్పంచి రంగులు అమ్మే సాబు. నూలుకు అద్దే రంగులు. ఆయన వేళ్లు ఎప్పుడూ నీలంగానో ఎర్రగానో ఉండేవి. వాడవాడకూ తిరిగి రంగు అమ్మినవాడు కాబట్టి ఎవరింట్లో మగ్గం ఆడుతున్నదో, ఎవరింట్లో ఆగిందో ఆయనకు తెలుసు. ఓట్లు వేసినప్పుడు మావాళ్లు ఆ సంగతే చూశారు.

ఆ ఎండాకాలం ముందు నూలు ధర పెరిగింది. ఇంటిపన్ను ఎవరూ కట్టలేదు. సమితిలో అడిగితే, ముందు మీరు వసూలు చేయండి, ఆ తరువాత మేమిచ్చేది ఇస్తాం అన్నారు. పంచాయతీలో కందీళ్లకు నూనె లేకుండా పోయింది. కొన్నాళ్లు బజారు కందీలు ఒక్కటే వెలిగింది, తరువాత అదీ లేదు. అమ్మ రాట్నాన్ని ఇంట్లోకి తెచ్చుకుంది. ఆ వారం కూలి డబ్బులు తెచ్చిన రోజున వాటిని నాకు కనిపించేటట్టే నూనె సీసా పక్కన పెట్టింది.

పంచాయతీ సభ్యులు కూర్చుని ఒక ఉపాయం ఆలోచించారు. నేతవాళ్లు నూలుకు గంజి పట్టడానికి పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులను, వీధి పొడుగునా సాచి పట్టుకుంటారు. ఆ పూటంతా వీధి వాళ్లదే. వీధి పంచాయతీది. కాబట్టి వీధిలో సాచిన ప్రతి పడుగుకూ ఇంత అని పన్ను వేయాలి. మాట బయటికి రానే వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రందాకా వాడలో అదే ముచ్చట. పెద్దయ్య నోరు అసలే మంచిది కాదు.

"రేపు మనం తుమ్మితె గాలి పంచాయతిదని పన్నేస్తరు" అన్నాడు.

పన్ను సంగతి చాటమని పంచాయతీ నౌకరును పంపే రోజు వచ్చింది. కందీళ్లు ముట్టించేదీ అతనే, డప్పు కొట్టేదీ అతనే. సాబు అతణ్ణి దుకాణం దగ్గరే ఆపి చాటింపు మార్చాడట. వాడలోకి వచ్చి అతను చాటింది ఇది: "రేపు పొద్దుగాల సర్పంచి సాబు వాడకే వస్తుండు. కందీళ్లకు నూనె లేదు. ఏం జేద్దమో మీరే చెప్పాల్నంట!" డప్పు ఆపి అతనే, "గిట్ల చాటుడు నాకూ కొత్తనే" అని నవ్వాడు.

సాబు ఒక పొరపాటు చేశాడు. పొద్దున్నే వస్తానన్నాడు. మా వాడలో పొద్దున్నే అంటే పడుగు వేళ. ఎండ ఎక్కకముందే గంజి పట్టి, కుంచెలతో దువ్వి, పోగు పోగూ విడిపోయేటట్టు ఆరబెట్టాలి. దువ్వకుండా గంజి ఎండితే పోగులు అంటుకుని మగ్గం మీద పుటుక్కుమని తెగుతాయి. ఆ రోజు పెద్దయ్య పడుగు వీధిలో ఉంది. సాబు, ఇద్దరు సభ్యులు వచ్చేసరికి పడుగు ఈ కొసనుంచి ఆ కొసదాకా కర్రల మీద తడితడిగా సాగి ఉంది. రెండు పక్కలా మనుషులు.

మాకొక ఆనవాయితీ ఉంది. తడి పడుగు పక్కన ఊరికే నిలబడకూడదు. ఎవరిదైనా సరే, దారిన పోయేవాడైనా సరే, ఆగితే చేయి వేయాలి. పిలవరు, కూలి ఇవ్వరు. మావాళ్లు దానిని సాయం అని కూడా అనరు.

సాబు ఆగాడు. "పెద్దయ్యా, నేను మాట్లాడనీకి వచ్చిన" అన్నాడు.

"మాట్లాడు సాబూ. నీ నోటికెవ్వలడ్డం? చెయ్యి మాత్రం పడుగు మీద వెట్టి మాట్లాడు. ఎండొస్తాంది."

"నాకు కుంచె పట్టుడు యాడొస్తది?"

"రంగు పుయ్యొస్తది గదా! గంజి గూడ గట్లనే. రా, నా ఎదురంగ నిలబడు."

అట్లా మా ఊళ్లో పంచాయతీ సభ తడి పడుగుకు రెండు పక్కలా జరిగింది. ఆ దృశ్యం చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ ఒకే వేగంతో కుంచె లాగాలి. ఒకడు తొందరపడితే నూలు చెదురుతుంది. కోపంతో లాగితే పోగు తెగుతుంది, చుట్టుపక్కలవాళ్లు తిడతారు. అందుకని ఈ కొసలో అరుస్తూ మొదలైన మాట ఆ కొసకు పోయేసరికి మామూలు గొంతులోకి వచ్చేది. మధ్యలో వదిలి వెళ్లిపోవడానికి ఎవరికీ వీల్లేదు. పంచాయతీ సభ్యుల్లో ఒకాయన తెల్ల ధోవతి కట్టుకుని వచ్చాడు. గంజి చారలు పడ్డాయి. ఆయన కూడా పోలేదు.

"బజార్ల కందీలు ఒక్కటి వెట్టి అన్ని బంద్ జేద్దమా?" అని సాబు అడిగాడు.

"బజార్ల దుకాణాలోళ్లకు దుకాణాల దీపాలున్నయి. చీకట్ల పడేది మేము, వెలుగు వాళ్లకా?" అన్నాడు పెద్దయ్య.

"మరి పడుగుకింత అని ఇయ్యుండ్రి."

"ఇస్తం. ఇచ్చిన పైసలు యాడికి వోతయి? నువ్వు చెప్తవా? నల్లగొండకు వొయ్యి, సమితికి వొయ్యి, కాయితమయి మళ్లొస్తది. నా కందీలు మండిందా లేదా అనేది అండ్ల రాసుండదు."

సాబు ఆ కొసదాకా కుంచె లాగాడు. ఎండ చూరు అంచు దాటి కిందికి వస్తున్నది. తరువాత పెద్దయ్యే అన్నాడు. పెద్దగా ఆలోచించి అన్నట్టు కూడా లేదు.

"ఒక పని చేద్దం. ఎవ్వల పడుగు వీధిల ఉంటదో, ఆ పొద్దు కందీలు వాళ్లది. నూనె నా చేత్తోని నేనే పోస్త. పొద్దుమీకి మండుతదా, ఆరుతదా, నా కండ్లతోని నేనే జూస్త."

సాబు కుంచె ఆపాడు. "అరె, నేనడిగింది గదే గదా!"

"కుంచె ఆపకు! గది గాదు సాబూ. నువ్వడిగింది పన్ను. గిది మా కందీలు."

అందరూ నవ్వారు. సాబు కూడా నవ్వాడు. కొత్త అద్దాలు, వత్తులు, నౌకరు జీతం పంచాయతీ చూసుకోవాలి. ఒకే రోజు రెండు పడుగులు పడితే రెండోవాళ్లు పక్క సందు కందీలుకు పోయాలి. ఈ మాటలన్నీ పడుగు ఆరేలోపే అయిపోయాయి. బజారువాళ్లు కూడా సంత రోజున తమ కందీలుకు తామే పోసుకుంటామన్నారని రెండు రోజులకు తెలిసింది. పత్రికల గదిలో నేను రోజూ ప్రజలు అనే మాట ఎన్నోసార్లు చదివేవాణ్ణి. చదివినప్పుడు నా మనసులో మనుషులు కనిపించేవాళ్లు కాదు. ఆ పొద్దున గంజి చేతులతో కనిపించారు. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాను గానీ చాలాసేపటిదాకా తినలేదు.

ఆ సాయంత్రం పెద్దయ్య తన చేత్తోనే నూనె పోశాడు. నౌకరు ముట్టించాడు. పెద్దయ్య వీధి మధ్యలో నిలబడి, మెడ వెనక్కి వంచి, కాసేపు కందీలు వంక చూశాడు. తరువాతి నెలల్లో అందరూ అట్లాగే చూసేవాళ్లు. నూనె పోసినవాళ్లు ఆ రాత్రి భోజనం చేసి మళ్లీ ఒకసారి బయటికి వచ్చి చూసి పోయేవాళ్లు.

అమ్మ రాట్నాన్ని మళ్లీ అరుగు మీదికి తెచ్చుకుంది. కానీ ఇదివరకు కూర్చునే చోట కూర్చోలేదు. ఇదివరకు కంబం వైపు అంచున, వెలుగు సరిగ్గా పడేచోట కూర్చునేది. ఇప్పుడు అరుగు ఆ చివర, వెలుగు పలచబడే చోట కూర్చోసాగింది. తెగిన పోగు అతకడానికి కళ్లు చిట్లించేది. రోజూ కూర్చునే ముందు పెద్దయ్య భార్యను అడిగేది, "ఇయ్యాల ఎవ్వలిదక్కా?" అని. ఫలానావాళ్లదంటే తల ఊపి పని మొదలుపెట్టేది. దగ్గరికి జరగమని నేను ఒకట్రెండుసార్లు అన్నాను. "ఈడ గాలొస్తాంది" అన్నది. నేను నమ్మాను.

ఎండాకాలం గడిచింది. వానలు మొదలైనాయి. అప్పుడు తెలిసింది మేమందరం కలిసి చేసిన తప్పు.

వానల్లో వీధిలో పడుగు సాచరు. ఎవరికైనా తప్పనిసరైతే వసారాలో ముక్కముక్కలుగా పట్టుకుంటారు. నేత ఇంట్లో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలిసిన విషయం ఇది. అయినా ఆ పొద్దున ఒక్కరికీ గుర్తుకు రాలేదు. పడుగు చేతిలో ఉన్నప్పుడు పడుగు లేని రోజులు ఎవరికి గుర్తుకొస్తాయి? ముసురు పట్టిన మొదటి సాయంత్రం నౌకరు వచ్చాడు, కంబం ఎక్కాడు, పెట్టె తెరిచి చూశాడు, దిగాడు.

"పడుగు లేదు, నూనె లేదు" అన్నాడు. వీధిలో బురద. సంవత్సరంలో దీపం ఎక్కువ అవసరమైన నెలల్లోనే దీపం లేకుండా మేమే ఏర్పాటు చేసుకున్నాం.

మేనమామ ఆ వారంలోనే వచ్చాడు. ఎవరిదో పెండ్లి ఉంటే వచ్చాడు. ఇంట్లో చిన్న బుడ్డి దీపం ముందు అమ్మ కండెలు చుట్టడం చూశాడు.

"ఎన్నొద్దులు గిట్ల? నూనెకు చుడ్తున్నవా, తిండికి చుడ్తున్నవా?" అన్నాడు. "పోరన్ని నాతోని పంపు. మా మిల్లుల జాగా ఉంది. ఈడ గా పత్రికలు సదువుకుంట కూసుంటె ఎవ్వలు పెడ్తరు?"

అమ్మ ఈసారి అవునన్నది. నన్ను చూడకుండా అన్నది. మామ బయలుదేరడానికి రెండు రోజులుంది. అమ్మ నా అంగీలు ఉతికింది. వానకు ఆరవు కాబట్టి మగ్గం గుంత మీద చెక్కలు తీసి, కర్రలు అడ్డం పెట్టి, వాటిమీద పరిచింది. రాత్రి అన్నం తింటుంటే ఖాళీ గుంత మీద నా అంగీల చేతులు వేలాడుతూ కనిపించాయి. నేను పోనని అనలేదు.

సాబు మరుసటి రోజు మళ్లీ చాటించాడు. ఈసారి సభ ఆ పూటే, ఆయన దుకాణం వసారాలో. వాన పడుతున్నది. గోనెసంచులు, గొంగళ్లు నెత్తిన వేసుకుని జనం వచ్చారు. వసారా అంతా తడి గొంగళ్ల వాసన, రంగుల వాసన. ఆడవాళ్లు మెట్ల దగ్గర నిలబడ్డారు. అమ్మ కూడా వచ్చింది. వస్తుందని నేను అనుకోలేదు. మామ నా పక్కన నిలబడి సున్నం డబ్బీ తీశాడు.

ఈసారి పడుగు లేదు కాబట్టి మనుషులను పట్టి ఉంచేది ఏమీ లేదు. ఎవరి మాటకు వాళ్లు అరిచారు. వానకాలంలో మగ్గాలే సగం ఆడవు, నూనె ఎక్కడినుంచి తేవాలని నేతవాళ్లు అన్నారు. అప్పుడే పన్ను వేసుంటే ఈపాటికి కొంత చేతిలో ఉండేది కదా అని ఆ తెల్ల ధోవతి సభ్యుడు అన్నాడు. పెద్దయ్య ఆయన ధోవతి సంగతి ఎత్తాడు. ఇద్దరిద్దరుగా మనుషులు వానలోకి దిగి వెళ్లిపోవడం మొదలైంది. సాబు గల్లా మీద చేతులు పెట్టి కూర్చున్నాడు.

"ఇగ ఏం జేద్దం? దీపావళిదాంక చీకట్ల ఉందమా?" అన్నాడు.

"అన్నా" అన్నది అమ్మ.

అమ్మ గొంతు పెద్దది కాదు. పక్కనున్నవాళ్లు ఊరుకుంటేనే వినిపిస్తుంది. ఊరుకున్నారు.

"చెప్పు చెల్లె" అన్నాడు సాబు.

"పడుగు లేనోళ్లం గూడ ఉన్నం గదా ఊళ్లె. మమ్ముల ఎవ్వలన్న అడిగిండ్రా?"

పెద్దయ్య వెనక్కి తిరిగాడు. ఆయన గొంతు మెత్తబడింది. "నిన్నేమడుగుతం బిడ్డా? నీకు మేమే ఇయ్యాలె గని."

"గా ముచ్చటనే నాకు మంచిగ అనిపియ్యలే పెద్దయ్యా. ఇన్నొద్దులు మీ వెలుగుల కూసున్న. ఎవ్వలూ ఒక్క మాట అనలే, నిజమే. గని నన్ను లెక్కల వెట్టిందెవ్వలు? నాకు మగ్గం లేదు. మగ్గం లేనోళ్లు ఊరోళ్లు గారా?"

వానలోకి దిగబోయిన ఒకరిద్దరు మెట్ల మీదే ఆగారు.

"వానకాలం కందీలు మాకియ్యుండ్రి" అన్నది అమ్మ. "పడుగు లేనోళ్లు పోస్తరు. ఒక్కొక్కరం కొంచెం కొంచెమే పోస్తం. తొందరగ ఆరితె ఆరనియ్యుండ్రి. పొద్దుగూకినంక జరసేపన్న మండుతది గదా."

మెట్ల కిందినుంచి ఇంకో సాబు, బండి తోలే ఆయన, ముందు అన్నాడు. ఆయన ఇల్లు మా వాడ చివర. "నాకు పడుగు లేదు గని తొవ్వ ఉంది. ఎద్దులకు గుంత గనవడాలె. నేను పోస్త." బట్టలుతికే చాకలామె, "ఊరి బట్టలన్ని నా ఇంట్లనే ఉంటయి, నా వాకిట్ల వెలుగుండాలె గదా" అన్నది. బుట్టలల్లేవాళ్లింటి ముసలామె చేయి ఎత్తింది. ఆమెకు చూపు సరిగా ఉండదు. "అవ్వా, నీకు దీపమెందుకే?" అని ఎవరో అంటే, "నాకు మీరు గనవడరు. మీకు నేను గనవడాలె గద, తొక్కకుంట" అన్నది. వసారా అంతా నవ్వింది. ఆఖరున నౌకరు ముందుకు వచ్చాడు. డప్పు ఇంకా మెడలోనే ఉంది.

"దినాం అందరి నూనె ముట్టిచ్చేది నేనే. ఒక్క పొద్దు నా నూనె నేను ముట్టిచ్చుకుంట" అన్నాడు.

వానలోకి దిగినవాళ్లు కొందరు తిరిగి వచ్చారు. నేతవాళ్లలో ఇద్దరు ముగ్గురు, మేమూ కలుస్తామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "మీ పడుగులప్పుడు మీరు పొయ్యుండ్రి. వానలు మావి" అన్నది.

"అబ్బో!" అన్నాడు పెద్దయ్య. "ఇగ మీ వెలుగుల మేం నడవాల్నా?"

"నడువుండ్రి. పైస అడగం" అన్నది అమ్మ.

మా అమ్మ నలుగురిలో అంత మాట్లాడటం అదే మొదలు. నాకు తెలిసి అదే చివర కూడా. నేను ఆమెను చూస్తూ నిలబడిపోయాను. రోజూ నాకు అన్నం పెట్టే మనిషి లోపల ఇంత కాలంగా ఈ మాట ఉంది. అరుగు చివర, వెలుగు పలచబడే చోట, ఆ మాటను పెట్టుకునే ఆమె కూర్చున్నది. గాలి కోసం కాదు. అక్కడున్న వాళ్లందరిలోనూ అట్లాంటి మాట ఒకటి ఉండిందన్నది ఇంకా పెద్ద విషయం. వాళ్ల దగ్గర ఏమీ లేదనుకుని ఎవరూ వాళ్లను అడగలేదు. నేనూ వాళ్లను అట్లాగే చూశాను. ఆ తరువాత చాలా పుస్తకాలు చదివాను. ఆ వసారాలో నిలబడినప్పుడు కలిగిన భయంలాంటి గౌరవం మళ్లీ ఏ పుస్తకం దగ్గరా కలగలేదు.

మొదటి సాయంత్రం అమ్మదే. వాన కొంచెం తగ్గింది. చిన్న గిన్నెలో నూనె, పైన మూతగా అరచేయి. నౌకరు కంబం ఎక్కి కందీలు కిందికి దింపి ఇచ్చాడు. అమ్మ నిదానంగా పోసింది. గిన్నె అంచుకు అంటిన చుక్కను కూడా వేలితో తీసి అందులోనే వేసింది. అతను ముట్టించి పెట్టె మూశాడు. అమ్మ కూడా మెడ వెనక్కి వంచి కాసేపు చూసింది, అందరిలాగే. తరువాత రాట్నం తెచ్చుకుని కంబం వైపు అంచున, చూరు కింద, వెలుగు సరిగ్గా పడేచోట కూర్చుంది.

మామ మరుసటి రోజు పొద్దున్నే బయలుదేరాలి. అరుగు దగ్గరికి వచ్చాడు. "అంగీలు ఆరినయా?" అని అడిగాడు.

"ఆరలే" అన్నది అమ్మ.

"తడియే కట్టు. రైల్ల ఆరుతయి."

"వాడు రాడు."

"నిన్న అన్నవు గదా వస్తడని?"

"నిన్న కందీలు లేదు."

మామకు కోపం వచ్చింది. "గింత నూనె మండుడు జూసి పోరని బతుకాపుతవా? రేపు ఇంకోలు పోస్తరని నీకెవ్వలు రాసిచ్చిండ్రు?"

అమ్మ పోగు అతుకుతున్నది. అతికి, రాట్నం కదిపింది. "ఎవ్వలు రాసియ్యలే. పోస్తరు" అన్నది.

పోశారు. ఆ వానకాలమంతా పోశారు. కొన్ని సాయంత్రాలు కందీలు తొందరగా ఆరిపోయేది, అమ్మ రాట్నం ఎత్తుకుని ఇంటికి వచ్చేసేది. కొన్ని సాయంత్రాలు ఆరాల్సిన వేళ దాటినా మండేది. ఆ సాయంత్రాలు ఎవరో వంతు లేకుండానే పోసి ఉంటారని మేం అనుకునేవాళ్లం. నౌకరును అడిగితే, "నాకేం ఎరుక? నేను ముట్టిస్త, గంతే" అనేవాడు. మామ షోలాపూర్ వెళ్లిపోయాడు. నేను ఏడాది తరువాత నల్లగొండలో ట్రైనింగు చేసి టీచరునయ్యాను.

దీనితో మా పంచాయతీ కష్టాలన్నీ తీరాయని చెప్పను. బడి కప్పు ఇంకా చాలా వానలకు కారింది. ఇంటిపన్ను కొన్నేళ్లు వచ్చింది, కొన్నేళ్లు రాలేదు. అయితే సాబు ఒక అలవాటు చేసుకున్నాడు. ఏడాదికొకసారి, పంచాయతీకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది చెప్పడానికి, ఎవరిదో తడి పడుగు ఉన్న పొద్దున చూసి కావాలనే వచ్చేవాడు. చెప్తూ కుంచె లాగేవాడు. వినేవాళ్లు కుంచె లాగుతూ వినేవాళ్లు. అబద్ధం చెప్పాలన్నా ఎదురుగా ఒక మనిషి అదే వేగంతో నడుస్తూ కళ్లలోకి చూస్తుంటాడు. కుంచె పట్టడం ఆయనకు ఆఖరుదాకా సరిగా రాలేదు. పెద్దయ్య ఆఖరుదాకా తిట్టాడు.

అరవైలు అయిపోవచ్చే వేళకు కరెంటు వచ్చింది. కందీళ్లు తీసేశారు. వంతులు ఆగిపోయాయి. కొత్త దీపం బాగా వెలిగేది. ఎవరూ మెడ వంచి దాన్ని చూసేవాళ్లు కాదు. అమ్మ ఆ వెలుగులో కూడా కొన్నాళ్లు కండెలు చుట్టింది. అప్పుడు ఆమెకు కూలి అవసరం లేదు, నా జీతం ఉంది. ఎందుకని అడిగితే, "ఊకె కూసుండొస్తలేదు" అన్నది.

అమ్మ ముసురు రోజుల్లో పోయింది. పొద్దున లేవలేదు. చుట్టుపక్కలవాళ్లు వచ్చారు. తల దగ్గర దీపం పెట్టాలన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి నూనె డబ్బా తీసి, ప్రమిద కోసం వెతుకుతున్నాను. చేతులకు ఏదీ దొరకడం లేదు. బయట ఎవరో పిలిచారు. వెళ్లి చూస్తే, ఆనాడు వసారాలో అందరికన్నా ముందు పోస్తానన్న బండి తోలే సాబు కొడుకు. ఆయనకూ జుట్టు నెరిసింది. బండి లేదు, ఎద్దులు లేవు, బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేస్తాడు. వానకు తడిసి వచ్చాడు. చేతిలో చిన్న సీసా ఉంది, దాని మూతి మీద అరచేయి పెట్టుకున్నాడు.

"మంచినూనెనే సార్" అన్నాడు. "వానలు గదా. వంతు మాదైతది."

డబ్బాను వంటింట్లో తిరిగి దాని చోట పెట్టాను. ఆయన తెచ్చిన నూనెను ప్రమిదలో పోశాను. సీసా అంచున ఒక చుక్క మిగిలింది. దాన్ని కూడా వేలితో తీసి అందులోనే వేశాను.